స్కాన్ చేసి పెడితే సరిపోదు

సంపాదకులకు,

ప్రభుత్వ పత్రాలన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయని అధికారులు చెబుతుంటారు. ఉండటం వేరు, దొరకడం వేరు. వంకరగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఒక్క మాట వెతకలేం. చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది ఉత్త బొమ్మే. ఫైలు పేరు చూస్తే ఏవో అంకెలు. ఆ ఉత్తర్వు ఇంకా అమల్లో ఉందో, రద్దయిందో తెలియదు. వెబ్‌సైట్ మార్చినప్పుడల్లా పాత లింకులు పనిచేయవు (కొత్త రంగులు మాత్రం బాగుంటాయి).

ప్రభుత్వ పత్రాలు చూసే హక్కుకు స్వీడన్ 1766లోనే చట్టం చేసింది. మన సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. రికార్డులను సూచికలతో క్రమంగా ఉంచాలని, ఎవరూ అడగకముందే ముఖ్య సమాచారం బయటపెట్టాలని అందులో 4వ సెక్షన్ చెబుతోంది. అందరూ దరఖాస్తుల గురించే మాట్లాడతారు గానీ, నా దృష్టిలో ఆ చట్టానికి ప్రాణం ఈ సెక్షనే. ఇది సరిగ్గా నడిస్తే చాలా దరఖాస్తులు పెట్టే పనే ఉండదు.

కంప్యూటర్‌లో టైపు చేసిన ఉత్తర్వును ప్రింటు తీసి, మళ్లీ స్కాన్ చేయడం దేనికి? మూల ఫైలునే తేదీ, విషయం, శాఖ పేరుతో పెట్టండి. వ్యక్తిగత వివరాలుంటే వాటిని మాత్రమే కొట్టేయండి, ఆ సాకుతో ఫైలంతా దాచొద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు