మంత్రిగారూ, ఆ ఓటీపీ మా మరిది ఫోనుకు పోయింది

కర్ణాటక ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను 11 ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్న తెలుగు ఇల్లాలిని. ఈమధ్య మా అత్తగారు గుండె పరీక్షకని మదనపల్లె నుంచి బస్సెక్కి వచ్చారు. తెల్లారుజామునే పోయి లైన్లో నిలబడడం ఎందుకని, ముందురోజు రాత్రి ఇక్కడి ఒక ప్రభుత్వ ఆసుపత్రి సైట్లో టోకెన్ కోసం కూర్చున్నాను.

అత్తగారి ఆధార్ నంబర్ కొట్టగానే ఓటీపీ పంపామంది. ఎవరికి? ఆధార్‌కు లింకైన ఫోను ఊళ్లో మా మరిది దగ్గరుంది. అతనేమో టమాటా మార్కెట్లో లోడు ఎక్కిస్తున్నాడు. ఆ గోలలో ఫోనెత్తి ఆరంకెలు చదివేలోపు టైమ్ అయిపోయింది. ఇలా రెండుసార్లు. మూడోసారికి లోపలికి పోగలిగితే పాత ఈసీజీ అప్‌లోడ్ చేయమంది. చేస్తే 'ఫైల్ సైజ్ ఎక్కువ' అంది. ఎంతుండాలో మాత్రం చెప్పదు! చివరికి జెరాక్స్ షాపు అబ్బాయి 50 రూపాయలు తీసుకుని పని కానిచ్చాడు. తీరా పొద్దున వెళితే కౌంటర్లో మళ్లీ పేరు, వయసు, ఊరు రాసుకున్నారు. ఆన్‌లైన్ వాళ్లకు వేరే లైనేమీ లేదన్నారు.

ఆన్‌లైన్ వద్దనడం లేదు సార్. 2020 లాక్‌డౌన్లో ఈ-సంజీవని ద్వారా ఇంట్లోంచే డాక్టరుతో మాట్లాడిన వాళ్లు ఎందరో. 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలైంది. దాని కింద ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబర్, అదే ఆభా నంబర్ ఉంటే, ఓపీ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి టోకెన్ తీసుకునే ఏర్పాటూ వచ్చింది. మంచిదే. కానీ ఆధార్‌తో ఆభా తీసుకోవాలన్నా ఆ ఓటీపీయే కావాలి. మళ్లీ మా మరిదే దిక్కు.

అందుకే అడుగుతున్నాను. అపాయింట్‌మెంట్ వరకైనా పేషెంటును వెంటబెట్టుకొచ్చే వాళ్ల ఫోనుకు ఓటీపీ రానివ్వండి. ఫోనే లేని వాళ్లకు కౌంటర్ దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి. డాక్టర్ సెలవు పెడితే ముందురోజే మెసేజ్ పంపండి, బస్సు చార్జీలైనా మిగులుతాయి.

ఇంకొకటి. సైట్లో కన్నడ, ఇంగ్లీషే ఉన్నాయి. కన్నడ ఉండాల్సిందే, అందులో మాట లేదు. మా అత్తగారు కళ్లజోడు సర్దుకుని 'దినాంక' అని కూడబలుక్కుని చదివేశారు కూడా, లిపి మనదానికి దగ్గరే కదా. కానీ మందులకు ముందు తినాలా, తర్వాతా అన్నది అలా ఊహించి చదవలేరు. సరిహద్దు దాటి వైద్యానికి వచ్చే వాళ్ల కోసం తెలుగు, తమిళం కూడా పెట్టించండి.

ఆవిడ వచ్చే నెల మళ్లీ చూపించుకోవాలి. ఆరోజు ఫోను జేబులోనే పెట్టుకోమని మా మరిదికి ఇప్పుడే చెప్పి ఉంచాను.

ఇట్లు,
కె.ఆర్.పురం నుంచి ఒక కోడలు