సెవిల్లా, హెరెస్‌లలో చౌకగా ఫ్లమెంకో: దారి చూపిన అందరికీ ధన్యవాదాలు

స్పెయిన్‌లో ఫ్లమెంకో (అక్కడి దక్షిణ ప్రాంతపు పాట, గిటారు, నృత్యం కలిసిన కళ) తక్కువ ఖర్చులో ఎక్కడ చూడొచ్చని అడిగితే ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పినవే ఇకముందు వెళ్లేవాళ్ల కోసం ఒకచోట పెడుతున్నాం.

ముందుగా, తబ్లావోలో, అంటే ఫ్లమెంకో ప్రదర్శనశాలలో, భోజనంతో కలిపి అమ్మే టికెట్ వద్దన్నవారికి. భోజనం చేరిస్తే ధర బాగా పెరుగుతుంది, పైగా పాట మధ్యలో ప్లేట్ల చప్పుడు. ప్రదర్శన ఒక్కటే ఉన్న టికెట్ చాలు.

సెవిల్లాలో కార్బొనెరియా పేరు చెప్పినవారికి రెండో దండం. ఒకప్పటి బొగ్గుల కొట్టు అది. ప్రవేశ రుసుం లేదు, ఒక డ్రింక్ కొనుక్కుంటే సరి. బల్లల మీద ఎవరు ముందొస్తే వారిదే చోటు. ఆలస్యమైతే వెనక నిలబడాలి. పాట వినిపిస్తుంది, నర్తకి కాళ్లు కనిపించవు. కాళ్లు కనిపించని ఫ్లమెంకో సగం ఫ్లమెంకోనే, కాబట్టి అరగంట ముందే వెళ్లండి. పర్యాటకుల గోల మాత్రం తప్పదు.

పాట మీద మోజున్నవాళ్లు హెరెస్ వెళ్లాల్సిందే. అక్కడి తబాంకోలు పీపాల్లోంచి షెర్రీ పోసిచ్చే పాత కొట్లు. 1925 నాటి ఎల్ పసాహేలో గ్లాసు ముందు పెట్టుకుని కూర్చుంటే గాయకుడు చేయిచాపు దూరంలో ఉంటాడు. మందు ముట్టనివాళ్లు కోక్ అడగొచ్చు. సెవిల్లా సాంతా హుస్తా స్టేషన్ నుంచి రైల్లో గంట పైచిలుకు ప్రయాణం. రాత్రి ఆట చూస్తే తిరుగు రైలు తప్పిపోవచ్చు. వారాంతాల్లో మధ్యాహ్నం ఆట ఉందేమో ముందే కనుక్కోండి.

చప్పట్ల సంగతి చెప్పినవారికి ప్రత్యేకంగా. కచేరీల్లో తాళం వేసే అలవాటు మనది, చేతులు ఊరుకోవు. కానీ ఫ్లమెంకోలో బులేరియా అనే వేగమైన రకంలో 12 మాత్రలు; లెక్క 12తో మొదలై, దెబ్బ 12, 3, 6, 8, 10 మీద పడుతుంది. అంటే మొదట మూడేసి, తర్వాత రెండేసి. నాలుగేసి లెక్కన చప్పట్లు కొడితే ఎదురు తాళమై నర్తకి పాదం తడబడే ప్రమాదం. పక్కన చప్పట్లు వేసేవాళ్లు కళాకారులే, ఆ పని వాళ్లకొదిలేయండి. ఒడిలో వేళ్లతో లెక్కపెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ‘ఓలే’ అనాలనిపిస్తే చరణం ముగిశాక అనండి.

గ్రనడాలో 1949 నుంచి నడుస్తున్న లా ప్లతేరియా లాంటి పెన్యాలు సభ్యుల సంఘాలు. బయటివాళ్లను ఏ రోజు రానిస్తారో ముందే అడగాలి. ఆగస్టులో చాలా పెన్యాలు మూసేస్తారు.

చివరగా, డిసెంబరులో హెరెస్ సంబోంబాల గురించి చెప్పినవారికి. క్రిస్మస్ ముందు వారాంతాల్లో వీధుల్లో, చావడి లోగిళ్లలో గుంపులుగా పాడతారు, చాలావరకు ఉచితమే. గది మాత్రం ముందే పట్టుకోండి. ఆ వారాల్లో అద్దెలు మండిపోతాయి.