తనిఖీలో దొరికిన లోపం కార్మికుడికి తెలియాలి

సంపాదకులకు,

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడు 50 మందికి పైగా కార్మికులను బలి తీసుకున్న తరువాత, పరిశ్రమల్లో భద్రతా తనిఖీలు పెంచాలన్న మాట రాష్ట్రమంతటా వినిపించింది. ఆ మాట న్యాయమైనదే. కానీ తనిఖీ చేసిన అధికారి లోపాలు రాసుకొని వెళ్ళిన తరువాత ఏం జరుగుతోందన్నది నాకు అంతకంటే ముఖ్యమైన విషయంగా తోస్తుంది. వరంగల్ ప్రాంతంలోని ఒక పత్తి మిల్లులో చాలాకాలం లెక్కలు రాసినవాడిగా ఆ సంగతే మీ పత్రిక ద్వారా చెప్పదలచాను.

పత్తి సీజన్ మొదలైతే ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, పరకాల, జమ్మికుంట వైపు పత్తి నుంచి గింజను వేరుచేసే జిన్నింగ్ మిల్లులకు తీరిక ఉండదు. మిషన్ బెల్టుకు గార్డు, అంటే రక్షణ కవచం, లేకపోవడం, రోలర్ దగ్గర ఇరుక్కున్న పత్తిని మిషన్ ఆపకుండానే చేత్తో లాగడం, కరెంటు తీగల మీద దూది పేరుకుపోవడం వంటివి తనిఖీకి వచ్చిన అధికారి కంటికి గంటలోపే పడతాయి. ఆయన వాటిని రాసుకొని వెళ్తాడు, కొన్నాళ్ళకు షోకాజ్ నోటీసు వస్తుంది, లోపాలన్నీ సరిచేశామని యాజమాన్యం ఫొటోలు జతచేసి సంజాయిషీ పంపుతుంది, అక్కడితో ఫైలు ముగుస్తుంది. నేను పనిచేసిన చోట ఫొటో కోసం బిగించిన గార్డును, పత్తి ఇరుక్కున్న ప్రతిసారీ విప్పి బిగించడం ఆలస్యమవుతోందని, కొద్ది రోజులకే తీసి పక్కన పెట్టారు. ఆ బెల్టు పక్కన నిలబడి పనిచేసే మనిషికి దాని మీద నోటీసు వచ్చిందన్న సంగతే తెలియదు. తెలిసి ఉంటే గార్డు తీసిన రోజున కనీసం ఒక్కడైనా అడిగేవాడు.

ఇన్నాళ్ళూ మనకు ఆధారంగా ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఈ మౌనానికి చోటుండేది. ఆ చట్టం 105వ సెక్షన్ ప్రకారం తనిఖీ అధికారి అయిన ఇన్‌స్పెక్టర్ స్వయంగా ఫిర్యాదు చేస్తేనో, ఆయన రాతపూర్వకంగా అనుమతిస్తేనో తప్ప కోర్టు కేసు తీసుకునేది కాదు. 106వ సెక్షన్ ప్రకారం నేరం ఇన్‌స్పెక్టర్ దృష్టికి వచ్చిన మూడు నెలల్లోపు ఆ ఫిర్యాదు దాఖలు కావలసి ఉండేది. అంటే నోటీసుకు జవాబు రావడం, ఆ జవాబును పరిశీలించడం అనే పనుల్లోనే మూడు నెలలు గడిచిపోతే, అధికారి కళ్ళారా చూసిన ఉల్లంఘన కూడా కోర్టు ముందుకు రాకుండా పోయేది. వేలు తెగిన కార్మికుడు తనంతట తాను ఆ చట్టం కింద కేసు వేయలేకపోయేవాడు. కేసు నడిచి, ఉల్లంఘన వల్ల మనిషి చనిపోయాడని రుజువైనా, అందులో కనీస జరిమానాగా రాసి ఉన్నది 25,000 రూపాయలే.

ప్రమాదం ముంచుకొచ్చేలా ఉన్నప్పుడు పనిని ఆపించే అధికారం కూడా ఆ చట్టంలో ఉండేది. 87ఎ సెక్షన్ కింద ఇన్‌స్పెక్టర్ రాతపూర్వక ఉత్తర్వు ఇస్తే, ప్రమాదం తొలగేదాకా అత్యవసరమైన కొద్దిమందిని తప్ప మరెవరినీ పనిలో పెట్టకూడదని ఉండేది. ఆ ఉత్తర్వు మూడు రోజులు చెల్లేది, ఆపై చీఫ్ ఇన్‌స్పెక్టర్ పొడిగించవలసి ఉండేది. పని ఆగిన రోజులకు కార్మికులకు జీతం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెప్పింది. ఇది మన కార్మికుల్లో ఎంతమందికి తెలుసు? మిల్లు మూయిస్తే మన కూలి పోతుందని భయపడి, అధికారి అడిగినప్పుడు 'అంతా బాగానే ఉంది సార్' అని చెప్పినవాళ్ళను నేను చూశాను. కూలి పోదని ముందుగా తెలిసి ఉంటే వాళ్ళు నిజం చెప్పేవారని నా గట్టి నమ్మకం.

ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం, వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ జరిమానాలను బాగా పెంచింది. ఉల్లంఘన వల్ల మరణం సంభవిస్తే రెండేళ్ళ వరకు జైలు గానీ, 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా గానీ, లేదా రెండూ గానీ విధించవచ్చు. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. ఇది మంచి మార్పు. ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు సలహాలిచ్చి సహకరించేవాడు కూడా కావాలని ఆ కోడ్ అంటోంది, దానికీ నాకు అభ్యంతరం లేదు. చిన్న మిల్లు యజమానికి సలహా నిజంగానే అవసరం. కానీ ఇచ్చిన సలహా అమలైందో లేదో మళ్ళీ వచ్చి చూడకపోతే, ఆ సలహా కూడా పాత షోకాజ్ నోటీసులాగే ఫైలులో ఉండిపోతుంది.

మనకు పక్కనే ఉన్న సింగరేణి గనులను చూడండి. గనుల్లో మరణం గానీ తీవ్ర గాయం గానీ సంభవిస్తే అధికారులకు పంపిన నోటీసు ప్రతిని, కార్మిక సంఘాల ప్రతినిధులు చూడగలిగేలా ప్రత్యేక బోర్డు మీద కనీసం 14 రోజులు ఉంచాలని 1952 నాటి గనుల చట్టమే చెప్పింది. అమెరికాలో భద్రతా అధికారులు ఇచ్చిన ఉల్లంఘన నోటీసును ఆ లోపం ఉన్న చోట గానీ, దానికి దగ్గరలో గానీ అతికించి, మూడు పని దినాలు గానీ, లోపం సరిచేసే వరకు గానీ, ఏది ఎక్కువైతే అంతవరకు ఉంచాలి. బ్రిటన్‌లో దిద్దుబాటు నోటీసులు, పని నిలిపివేత నోటీసులు ఎవరికి ఇచ్చారో ప్రజలు చూడగలిగే రిజిస్టరే ఉంది. పరువు పోతుందని మన యజమానులు అభ్యంతరం చెప్పవచ్చు. లోపం సరిచేసిన రోజున ఆ సంగతి కూడా అదే బోర్డు మీద రాస్తే ఎవరి పరువూ పోదు.

ఒక్కో అధికారి మీద ఎన్నో పరిశ్రమల భారం ఉందని నాకు తెలుసు, అందుకే ఈ మాటను వారి మీద నిందగా చెప్పడం లేదు. ప్రతిచోటికీ రెండోసారి వెళ్ళడం వారికి సాధ్యం కానప్పుడు, అక్కడే రోజూ పనిచేసే మనుషులు ఆ పనికి సాయపడగలరు. రాష్ట్ర ప్రభుత్వం తన నిబంధనల్లో, తనిఖీలో దొరికిన లోపాలను, సరిచేయవలసిన గడువును, పని ఆగితే జీతం హక్కు ఉన్న సంగతిని మిల్లు గేటు దగ్గర తెలుగులోను, బీహార్, ఒడిశా నుంచి వచ్చినవారు పనిచేసే చోట హిందీ, ఒడియాల్లోను అంటించాలని చేర్చాలి. గడువు తీరాక లోపం అలాగే ఉంటే కార్మికుడు తన పేరు బయటపడకుండా తెలియజేయడానికి ఒక ఫోన్ నంబరును కూడా ఆ కాగితం మీదే ముద్రించాలి.

— విశ్రాంత మిల్లు గుమస్తా, కాశీబుగ్గ, వరంగల్