మాకు ఎకరాలు వద్దు, పేర్లు ఇప్పించండి: రెవెన్యూ శాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

హనుమకొండ నుంచి నమస్కారాలు.

నేను తపాలా శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషిని. చేరాల్సిన చోటికి చేరని ఉత్తరానికి మాకు ఒక పద్ధతి ఉండేది. చిరునామాదారు లేకపోతే లేరని పైన రాసి, పంపినవారికే తిప్పి పంపేవాళ్లం. మా తాతముత్తాతల పేర్లున్న పాత రెవెన్యూ రికార్డులు చూడనివ్వమని మేము పెట్టుకున్న అర్జీలకు ఆపాటి మర్యాద కూడా దక్కలేదు. అందుకే ఈసారి కవరు అంటించకుండా, దారిన పోయేవాళ్లు కూడా చదువుకునేలా రాస్తున్నాను.

మాది వంశవృక్షాలు రాసుకునే చిన్న బృందం. ఇరవై ఆరుగురం ఉంటాం. నెలలో రెండో ఆదివారం ఎవరో ఒకరి ఇంటి మేడ మీద కూడతాం. ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడేదాకా అందులో పనిచేసిన వాళ్ల పిల్లలున్నారు. తాతలు మగ్గాలు వదిలి భీవండి వెళ్లిపోతే, అక్కడి నుంచి తిరిగి వచ్చి తమవాళ్లను వెతుక్కుంటున్న పద్మశాలి కుటుంబాలున్నాయి. కాజీపేట నుంచి వచ్చే పెద్దమనిషి ఒకరు తమ ఇంటి శజ్రాను, అంటే వంశవృక్షపు కాగితాన్ని, గుడ్డలో చుట్టి తెస్తారు, చేతులు కడుక్కున్న వాళ్లనే ముట్టుకోనిస్తారు. ఒక రిటైర్డ్ నర్సమ్మ తమ చర్చి బాప్తిస్మపు రిజిస్టరు నుంచి నాలుగు తరాల పేర్లు రాసుకొచ్చి మా అందరికీ అసూయ పుట్టించారు. ఇక మా ఉర్దూ మాస్టారు ఉన్నారు. నిజాం కాలపు గొలుసుకట్టు రాత చదవగలిగేది మాలో ఆయన ఒక్కరే. ఆయనకు ఎనభై ఒకటి నిండాయి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో మీకు తర్వాత తెలుస్తుంది.

ఏ రెవెన్యూ కార్యాలయం గడప తొక్కినా మాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ సర్వే నంబరు?" సర్వే నంబరు లేదండీ, మా తాతల పేర్లు వెతుక్కుంటున్నాం అంటే, రెండో ప్రశ్న: "ఎన్ని ఎకరాలు?" ఎకరాలు కూడా లేవు అంటే అప్పుడు మమ్మల్ని తల నుంచి కాళ్ల దాకా చూస్తారు. ఒక కార్యాలయంలో అయితే బయటికి వచ్చాక అటెండరు వెంట వచ్చి, "సార్, నిజం చెప్పండి, రింగు రోడ్డు పక్కనేనా?" అని చెవిలో అడిగాడు. పాత కాగితం అడిగినవాడు భూమి కోసమే అడుగుతాడని మీ శాఖకు ఎంత గట్టి నమ్మకమో! నమ్మకానికి కారణాలు లేకపోలేదు, అది కూడా ఒప్పుకుంటాను. కానీ ఇరవై ఆరుగురు ముసలివాళ్లు టిఫిన్ బాక్సులు కట్టుకుని వచ్చి భూకబ్జా చేయరు కదా.

మా అర్జీ సంగతికి వస్తాను. మాకు వచ్చిన విద్య ఒక్కటే కాబట్టి, ఆ అర్జీకే ఒక వంశవృక్షం గీశాం.

మూలపురుషుడు ఒక సోమవారం, కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో పుట్టాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు రసీదు, చిన్నవాడు మెమో. రసీదుకు సంతానం లేదు, నా బీరువాలో ఉంది. మెమో "తగు చర్య నిమిత్తం" అన్న మాట మోసుకుని పాత తాలూకా కేంద్రానికి వెళ్లింది. అక్కడివారు చూసి, మీ ఊరు ఇప్పుడు మా జిల్లాలో లేదు అన్నారు. నిజమే. 2016 దసరా నాడు మా ఊరు పాత వరంగల్ జిల్లాలో పడుకుని కొత్త జిల్లాలో లేచింది. అందుకని మెమోను దత్తత ఇచ్చేశారు. దత్తత వెళ్లిన ఇంటివారు, పాత రికార్డులు మాకు అప్పగించలేదు అని ఒక కొడుకును కని మళ్లీ పుట్టింటికి పంపారు. ఈలోగా 2021లో బోర్డులు మారాయి. వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. పెళ్లయి ఇంటిపేరు మారిన ఆడపిల్లను పాత కాగితాల్లో వెతకడం మాకు అలవాటే. ఇక్కడ కార్యాలయాల ఇంటిపేర్లే మారిపోతే ఎవరిని అడగాలి?

అప్పుడు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టాం. ముప్పై రోజులకు జవాబు వచ్చింది. సెక్షన్ 6(3) కింద బదిలీ చేశామని. బదిలీ అయిన చోటి నుంచి ఇంకో బదిలీ, అక్కడి నుంచి మూడోది. మూడో బదిలీ మేము మొదట దరఖాస్తు పెట్టిన కార్యాలయానికే వచ్చింది. మేనరికం అన్నమాట. చివరి సంతానం ఒక్క వాక్యం: "కోరిన సమాచారం ఈ కార్యాలయంలో లభ్యం కాదు."

లభ్యం కాదట! నేను కళ్లారా చూశాను మంత్రి గారూ.

కిందటేడు వేసవిలో ఒక అధికారి దయతలచి మాలో ముగ్గురిని ఒక్క గంట లోపలికి రానిచ్చారు. కార్యాలయం వెనక ఒకప్పటి సైకిల్ స్టాండుకు గోడలు కట్టి చేసిన గది అది. తలుపు తోస్తే సగమే తెరుచుకుంది, వెనక విరిగిన కుర్చీలు అడ్డం. పాత బ్యాలెట్ పెట్టెలు, వాటి మీద గోనెసంచులు. 2020 సెప్టెంబరులో వీఆర్వోల దగ్గరి నుంచి రికార్డులు స్వాధీనం చేసుకున్న రోజున ఆ సంచులు అక్కడ దింపారట, మూతి కట్టిన తాడు కూడా విప్పలేదు. వాటి కింద ఎర్రగుడ్డ మూటలు. ఒక మూట ఎత్తితే గుడ్డ చేతికి వచ్చింది, కాగితాలు కింద ఉండిపోయాయి. మాస్టారు నేల మీదే చతికిలబడి, భూతద్దం పెట్టి, ఒక పహాణీ, అంటే ఏటేటా రాసే ఊరి భూముల రిజిస్టరు, తెరిచారు. నిజాం కాలపు ఫస్లీ సంవత్సరం 1346. అంటే మనకు 1936-37. నెలల పేర్లు అజుర్, దయ్, బహ్మన్ అని ఆయన చదువుతుంటే నాకు మా తాత గొంతు విన్నట్టే ఉంది. ఆయన కూడా ఈ నెలల పేర్లు అప్పజెప్పేవాడు.

మా ఊరు దొరికింది. మా వాడ దొరికింది. మాస్టారు వేలు ఒకచోట ఆగింది. "ఇదిగో, బేవా మల్లయ్య" అన్నారు. బేవా అంటే వితంతువు. మల్లయ్య మా ముత్తాత. ఆయన పోయాక భూమి పేరు మీదికి వచ్చిన ఆ మనిషి మా ముత్తవ్వ అన్నమాట. ఆ కాలపు కాగితాల్లో ఆడవాళ్లు కనిపించేదే తక్కువ, కనిపిస్తే జౌజె (భార్య) అని భర్త చాటునో, బేవా అని భర్త పోయాకనో. పేరేమిటి మాస్టారూ అని అడిగాను. ఆయన పుటను వెలుతురుకు ఎత్తి చూపించారు. ఉర్దూ కుడి నుంచి మొదలవుతుంది కదా, ఆ కుడి అంచు చెదలు తినేసింది. వేలు పట్టేంత కన్నం. కన్నం పక్కన పేరు తోక మాత్రం మిగిలింది: "...వ్వ".

మా వైపు ఆడవాళ్లలో సగం మంది పేర్లు అలాగే ముగుస్తాయి. రాజవ్వ కావచ్చు, ఎల్లవ్వ కావచ్చు, పోచవ్వ, లచ్చవ్వ, బుచ్చవ్వ, ఎవరైనా కావచ్చు. పక్క ఏడాది పహాణీలో అదే పేరు చెక్కుచెదరకుండా ఉండవచ్చని మాస్టారు అన్నారు. మూట కోసం చెయ్యి చాచేలోగా గంట అయిపోయింది.

ఆ అధికారి మంచివారు. పదిహేను రోజుల్లో అనుమతి రాయిస్తాను, మీరే వచ్చి ఫొటోలు తీసుకోండి, మాకూ ఒక ప్రతి ఇవ్వండి అన్నారు. పన్నెండో రోజున ఆయనకు బదిలీ అయింది. కొత్తగా వచ్చినవారిని కలిస్తే గది తాళంచెవి అప్పగింతల జాబితాలో లేదన్నారు. జూనియర్ అసిస్టెంటు దగ్గరుందన్నారు. ఆయన డిప్యుటేషన్ మీద వెళ్లారు. ఫోను చేస్తే టేబుల్ సొరుగులో పెట్టానన్నాడాయన. ఆ టేబులు కొత్త భవనానికి వెళ్లింది. కొత్త భవనంలో సొరుగు తెరిచి చూపించారు, అందులో స్టాంపు ప్యాడు, ఒక అగరుబత్తి పొట్లం ఉన్నాయి. ఆ తర్వాత రెండు వానాకాలాల అల్పపీడనాలు దాటాయి. ఆ గది కప్పు రేకులది.

పేరు తెలియకపోతే ఏమవుతుంది అని మీ శాఖలో ఒకాయన అడిగారు. 2025 మే నెలలో సరస్వతి పుష్కరాలకు కాళేశ్వరం వెళ్లాను. పిండప్రదానం దగ్గర పురోహితులు వరసగా పేర్లు అడిగారు. తండ్రి, తాత, ముత్తాత, మూడూ చెప్పాను. అటు తల్లి, నాయనమ్మ, ఆ పైన నోరు ఆగిపోయింది. "తెలియకపోయినా ఫరవాలేదు లెండి" అన్నారాయన. ఆయనకు ఫరవాలేదు. వెనక వరసలో ఇంకో వంద మంది ఉన్నారు. పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య నాడు అయితే మరీ చిత్రం. ఊళ్లో ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మకు పూలు కోస్తుంటే, మేము చేటలో బియ్యం, కూరగాయలు పెట్టుకుని పెద్దల పేర బియ్యం ఇవ్వడానికి నిలబడతాం. ఎవరి పేర? అందుకే ఏటా పెత్రమాసకు ముందటి ఆదివారం మా బృందం పేర్ల చీటీలు రాసి పంచుతుంది. మేము చేసే పనులన్నింటిలో జనం ఎక్కువగా వచ్చేది దానికే. పోయిన ఏడు ఒకామె చీటీ అందుకుని, తన మామగారి తల్లి పేరు మొదటిసారి చదివి, మా మెట్ల మీదే కూర్చుండిపోయింది.

పేరు దొరికితే చాలా సంగతులు దొరుకుతాయి కూడా. ఐలయ్య ఉన్నాడంటే ఆ ఇంటివారు ఐలోని మల్లన్నకు మొక్కుకున్నారు. కొమురయ్య అయితే కొమురవెల్లి. రాజయ్య, రాజమ్మ వేములవాడ రాజన్న ఇచ్చిన బిడ్డలు. సమ్మయ్య, సారక్క, జంపయ్య అంటే వేరే చెప్పాలా, మేడారం బండ్లు కట్టిన కుటుంబం. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల మల్లయ్య, రాజయ్య, మళ్లీ మల్లయ్య, మళ్లీ రాజయ్య అని ఏడు తరాలు సాగుతాయి. ఏ మల్లయ్య ఎవరో తేల్చడానికి కాగితం కావాలి. ఆ కాగితం ఆ రేకుల గదిలో ఉంది.

కాగితాన్ని నమ్ముకోనివాళ్లు మాకంటే నయంగా ఉన్నారు. కోయలకు తమ గట్టు (వంశ శాఖ), గోత్రం చెప్పడానికి వారి గాయకులైన డోలీలు పడిగె అనే బొమ్మల గుడ్డ విప్పి పాడతారు. కేస్లాపూర్‌లో నాగోబా జాతరకు మెస్రం వంశం వారు కొత్త కోడళ్లను దేవుడికి, పెద్దలకు చూపించి మరీ వంశంలో కలుపుకుంటారు. పిచ్చుకుంట్ల వారి నోట్లో గోత్రాలు తరాల తరబడి నిలిచాయి. ప్రభుత్వ జాబితాలో వారి పేరును వంశరాజ్ అని మార్చి గౌరవించారు, సంతోషం. ఆ కులపు పెద్దాయన ఒకరు మా మేడ మీద రెండు గంటలు ఆపకుండా చెప్పారు, మధ్యలో ఒక్కసారి నీళ్లు తాగారు. ఆయన కొడుకు హైదరాబాదులో కారు నడుపుతాడు, ఒక్క గోత్రమూ రాదు. ఆపైన రాజుల సంగతి చెప్పనక్కరలేదు. గణపతిదేవుడి చెల్లెలు మైలమ బయ్యారం చెరువు కట్ట మీద శాసనం వేయిస్తే, వెన్న నుంచి మొదలైన కాకతీయుల వరస దాదాపు ఎనిమిది వందల ఏళ్లుగా రాతి మీద చదవడానికి వీలుగా ఉంది. మా ముత్తవ్వకు రాయి దొరకలేదు. సర్కారు కాగితం దొరికింది.

2014 ఆగస్టు 19న ఒక్క రోజులో రాష్ట్రంలోని కుటుంబాలన్నింటినీ లెక్కించారు. 2024లో మళ్లీ ఇంటింటికీ వచ్చి కులం, పొలం, పశువులు అన్నీ రాసుకున్నారు. భూరికార్డుల్లో ధరణి పోయి భూభారతి వచ్చింది. రేపు జనగణన వస్తుంది. మేము ఎప్పుడూ తలుపు వేయలేదు. అడిగినవన్నీ చెప్పాం. మేము ఒక్కసారి అడిగితే తాళంచెవి లేదంటున్నారు.

తాళం పగలగొట్టించండి. ఖర్చు మేము పెట్టుకుంటాం, ఇది వ్యంగ్యం కాదు, చందా కూడా పోగుచేశాం. ఆ మూటలను తడి తగలని చోటికి మార్పించండి. ఎక్కడైనా సరే, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పంపినా సరే, బస్సెక్కి వెళ్లి చూసుకుంటాం. మమ్మల్ని ఫొటోలు తీసుకోనివ్వండి. సర్వే నంబర్ల మీద అనుమానం ఉంటే ఆ గడులకు అట్టముక్క అడ్డం పెట్టుకోమనండి, పేరు గడి చాలు. మీ సిబ్బందిని ఒకరిని పక్కన కూర్చోబెట్టండి, వారికి కూడా భోజనం తెస్తాం. ఏదో ఒకటి చేయండి. అనుమతి ఇవ్వలేకపోతే ఇవ్వలేమని రాయండి, కనీసం ఎవరిని అడగాలో చెప్పండి. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. మాస్టారికి కంటి శుక్లం ఒకవైపు తీశారు, రెండోవైపు చలికాలంలో తీస్తామన్నారు. ఆయన తర్వాత ఆ రాత చదివేవారు మా బృందంలో లేరు. ఇద్దరు కుర్రవాళ్లకు నేర్పుతున్నారు, వాళ్లింకా అలిఫ్, బే దగ్గరే ఉన్నారు.

వచ్చే నెల రెండో ఆదివారం మా సమావేశం యథావిధిగా ఉంటుంది. మర్నాడు సోమవారం ఉదయం పదిన్నరకు మేము ముగ్గురం, మాస్టారు, నేను, భూతద్దం పట్టుకోవడానికి ఒక కుర్రవాడు, ఆ గది ముందు నిలబడతాం. తలుపు తెరిపిస్తారని ఆశ.

ఇట్లు,
చెదలు తినగా మిగిలిన "...వ్వ" గారి మునిమనవడు,
హనుమకొండ

జతపరిచినది: మా అర్జీ వంశవృక్షం, ఒక ప్రతి. కింద ఇంకో తరానికి ఖాళీ వదిలాం.