తీరం లెక్కలు తీరంలో ఉన్నవాళ్లకూ ఇవ్వండి

సంపాదకుల వారికి,

ఆంధ్ర తీరం పొడవు 974 కిలోమీటర్లని బడిలో చదువుకున్నాం. ఇప్పుడు 1,053 అంటున్నారు. తీరం పెరగలేదు, వంపులన్నీ కలిపి ఇంకా సన్నగా కొలిచారంతే. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం మాత్రం 1,027 కిలోమీటర్ల లెక్కన 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలు పరిశీలించి, అందులో దాదాపు 29 శాతం కోతకు గురవుతోందని తేల్చింది. బాగానే ఉంది. అయితే కాకినాడ పక్కనున్న ఉప్పాడలో ఇంటి గోడ దాకా సముద్రం వచ్చిన మనిషికి కావాల్సింది ఈ శాతాలు కావు, తన సర్వే నంబరు దగ్గర తీరం గీత ఎక్కడుందో తెలియాలి.

సమాచారం లేక కాదు. అలల లెక్కలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో, డ్రెడ్జింగ్ (పూడికతీత) లోతులు పోర్టు దగ్గర, కోరంగి మడ అడవుల హద్దులు అటవీ శాఖలో, భూమి రికార్డులు రెవెన్యూలో ఉంటాయి. ఉప్పాడ కోతకు గోదావరి ఒండ్రు తగ్గడం దగ్గర్నుంచి హోప్ ఐలాండ్ ఇసుక మేట సాగడం దాకా చాలా కారణాలు చెబుతారు. ఈ ముక్కలన్నీ ఒకే మ్యాపు మీద పేరిస్తే గానీ ఏది ఎంత కారణమో తేలదు. ఆ పని వదిలేసి రాళ్లు పోస్తున్నాం. ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలతో జియోట్యూబు గోడ వేశారు, అదీ నిలవలేదు. గట్టి తుపాను వస్తే కాకినాడ బీచ్ రోడ్డు కథ మళ్లీ మొదటికే.

తీరంలో ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో చెప్పే 2019 నాటి సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నోటిఫికేషన్ ప్రకారం తీర ప్రణాళిక మ్యాపుల్లో మత్స్యకార గ్రామాలు, జెట్టీలు, ఐస్ ప్లాంట్లు, చేపలు ఎండబెట్టే చోట్లు స్పష్టంగా చూపించాలి. ఎండు చేపల దిబ్బ మ్యాపులో లేకపోతే రేపు అది ఖాళీ స్థలం అయిపోతుంది. ఆ మ్యాపును పీడీఎఫ్ బొమ్మగా, ఇంగ్లీషు అక్షరాలతో పెట్టి ప్రజాభిప్రాయం చెప్పమంటే ఎవరు చెప్పగలరు? ఫోన్‌లో ఊరి పేరు తెలుగులో కొడితే తెరుచుకోవాలి, డౌన్‌లోడ్ అవ్వాలి.

ఈ లెక్కలు బయటపెడితే దేశ భద్రతకు ఇబ్బంది అంటారేమో. విశాఖ నౌకాదళం లెక్కలు ఎవరూ అడగడం లేదు. ఉపగ్రహం చూసి చేపలు ఎక్కడ ఉండొచ్చో ఇన్‌కాయిస్ తెలుగులో ఉచితంగా చెబుతూనే ఉంది కదా!

ఇంకో మాట. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉండాలి. పడవల్లో జీపీఎస్‌లున్నాయి. వలలు చిరిగే రాతి చోట్లు, పూడుకుపోయిన మొగలు (ఏరు సముద్రంలో కలిసే చోట్లు) వేటకు వెళ్లేవాళ్లకు తెలిసినంతగా ఆఫీసులకు తెలియవు. మంచి చేప పడే చోటు మాత్రం ఎవరూ చెప్పరు, అడగకూడదు కూడా. ఏది చెప్పాలో ఏది దాచుకోవాలో నిర్ణయించే హక్కు వాళ్లకే వదలాలి.

గ్రామ సచివాలయాల్లో సర్వేయర్లు, మత్స్య సహాయకులు ఉన్నారు. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 - జూన్ 14 మధ్య మత్స్యకారులు ఒడ్డునే ఉంటారు. ముసాయిదా మ్యాపు పట్టుకుని అప్పుడు ఊరూరా తిరిగి సరిచూస్తే పెద్ద ఖర్చు కూడా కాదు. ముందుగా ఉప్పాడ, కోనపాపపేటలతో మొదలుపెట్టమని కాకినాడ జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, కాకినాడ