ఆఫ్‌రోడ్ క్లబ్బుల్లో శిక్షణ తప్పనిసరి చేయాలి

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వికారాబాద్ వైపు చెరువు శిఖంలో (చెరువు లోపలి నేలలో) ఒక ఆఫ్‌రోడ్ క్లబ్బు జీపులు దిగబడిన వార్త చదివాను. రోడ్డు లేని చోట సరదాకు బండ్లు నడిపేవాళ్ల సంఘాలే ఈ క్లబ్బులు. ఇకమీదట అటువైపు ఏ క్లబ్బు బండినీ రానివ్వమని, వస్తే కేసులేనని అధికారులు చెప్పినట్టు రాశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపం మీద రాయకూడదని ఆగాను. పది రోజులైనా ఆ కోపం తగ్గలేదు.

ఆ కుర్రాళ్లను నేను వెనకేసుకురావడం లేదు. చెరువు శిఖంలోకి, పరాయివాళ్ల పొలంలోకి బండి దించడం ముమ్మాటికీ తప్పే. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్తే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా. కానీ స్టీరింగ్ పట్టిన ఆ పిల్లలకు బురదలో బండి నడపడం ఎవరైనా నేర్పారా అని పోలీసులు అడగలేదు, రవాణా శాఖ అడగలేదు, మీ విలేకరీ అడగలేదు.

నేను సింగరేణి ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల్లో 29 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మొదట జీపు నడిపాను, తర్వాత డంపర్, అంటే గనిలో మట్టి, బొగ్గు మోసే పెద్ద లారీ. చేరేనాటికే నా జేబులో లైసెన్సు ఉంది. అయినా గనిలోకి పంపలేదు. ముందు వీటీసీలో, అంటే గని శిక్షణ కేంద్రంలో కూర్చోబెట్టారు. గనుల్లో పనికి శిక్షణ తప్పనిసరని 1966 నుంచీ నిబంధనలు ఉన్నాయి. శిక్షణ అయ్యాక ఒక సీనియర్ పక్కన కూర్చుని నేను బండి నడిపే తీరు చూశాడు. మేనేజర్ సంతకం పెట్టిన కాగితం వచ్చాకే బండి తాళం ఇచ్చారు. ఆర్టీఏ ట్రాక్ మీద హెచ్ వేయడం వేరు, వాన పడ్డ హాల్ రోడ్డు (గనిలో డంపర్లు తిరిగే మట్టి దారి) మీద లోడుతో దిగడం వేరు. ఈ సంగతి మా గనిలో హెల్పర్‌కు కూడా తెలుసు.

ఇప్పుడు హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాడు థార్ జీపు కొని ఓ క్లబ్బులో చేరాడు. రెండేళ్ల కిందట వానాకాలంలో వాడి వెంట ఒక ట్రిప్పుకు వెళ్లాను. ఫీజు తీసుకున్నారు, టీషర్టు ఇచ్చారు, అద్దానికి స్టిక్కర్ అంటించారు. బయల్దేరే ముందు మాత్రం జాగ్రత్తల గురించి పది నిమిషాలు మాట్లాడినవాళ్లు లేరు. వచ్చిన పదకొండు బండ్లలో మూడింటికి ఫోర్ వీల్ డ్రైవే (నాలుగు చక్రాలనూ ఇంజిన్ తిప్పే ఏర్పాటు) లేదు. 2023 నుంచి థార్ వెనక చక్రాల డ్రైవ్‌తో కూడా అమ్ముతున్నారు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఏ బండి ఏదో చూసుకున్నవాళ్లు లేరు.

నల్లరేగడిలో ఒక గట్టు ఎక్కుతూ కొత్తగా చేరిన కుర్రాడి బండి సగంలో ఆగిపోయింది. అలా ఆగితే రివర్స్ గేర్ వేసి, స్టీరింగ్ తిన్నగా ఉంచి, ఎక్కిన దారినే ఇంజిన్ పట్టు మీద దిగాలి. మధ్యలో క్లచ్ తొక్కకూడదు, బండిని పక్కకు తిప్పకూడదు. ఆ అబ్బాయి క్లచ్ తొక్కి స్టీరింగ్ పక్కకు తిప్పేశాడు. బండి గట్టుకు అడ్డం తిరిగి, పై వైపు చక్రాలు రెండూ జానెడు లేచాయి. వెనక సీట్లో ఏడెనిమిదేళ్ల పాప ఉంది. బెల్ట్ పెట్టలేదు. కిందనుంచి నలుగురు నాలుగు రకాలుగా ‘రైట్, లెఫ్ట్, రేస్ చెయ్’ అని కేకలు. దారి చూపే మనిషి ఒక్కడే ఉండాలి, డ్రైవర్ అతని చేతులనే చూడాలి అన్న మొదటి పాఠం కూడా అక్కడ ఎవరికీ తెలియదు. ఆ పాప అదృష్టం, బండి మళ్లీ నాలుగు చక్రాల మీద పడింది.

ఆ తర్వాత లాగుడు. ఒకాయన తాడు తెచ్చి, ట్రైలర్ తగిలించే ఇనప గుండుకు వేయబోయాడు. నేను అరిచి ఆపాను. ఆ గుండు విరిగితే తాడుతో పాటు తుపాకీ గుండులా వస్తుంది. ఆస్ట్రేలియాలో ఇలాగే మనుషులు చనిపోయారు. తాడు ఛాసిస్‌కు బిగించిన హుక్కుకే వేయాలి. దాని మీద తడి గోనె సంచో, బరువైన దుప్పటో కప్పాలి. తాడు తెగినా అందనంత దూరంలో జనం నిలబడాలి. అక్కడ పిల్లలు రెండడుగుల దూరంలో నిలబడి ఫోన్లలో వీడియో తీస్తున్నారు. ఆ రాత్రి క్లబ్బు పెద్దలకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. “అంకుల్, ఇది సరదా కోసం, స్కూలు కాదు” అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మంటగానే ఉంది.

మా అక్క కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. అక్కడ అతను చేరిన క్లబ్బులో శిక్షణ పూర్తి చేయనిదే ట్రిప్పుకు రానివ్వలేదట. అంత దూరం ఎందుకు, మహారాష్ట్రలో ఇగత్‌పురి దగ్గర మహీంద్రా వాళ్లు ఆఫ్‌రోడ్ శిక్షణ కేంద్రం పెట్టారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని ఫోర్ వీల్ బండ్లు అమ్ముడవుతున్నాయి, ఇన్ని క్లబ్బులు పుట్టుకొస్తున్నాయి. సభ్యుల్లో ఎంతమంది ఎక్కడైనా ఒక రోజు నేర్చుకున్నారో క్లబ్బులు చెప్పగలవా?

నేను కోరేది పెద్ద చదువేమీ కాదు. ‘ఫోర్-లో’ గేరు (నాలుగు చక్రాలకూ నెమ్మదిగా ఎక్కువ బలమిచ్చేది) ఎప్పుడు వేయాలి, ఇసుకలో టైరు గాలి ఎంత తగ్గించాలి, వాగులోకి దించే ముందు కర్రతో నడిచి లోతు చూడాలి, ఎయిర్ ఫిల్టర్‌లోకి నీళ్లు పోతే ఇంజిన్ ఎందుకు పట్టేస్తుంది, ఆగిన బండిని గట్టు మీదనుంచి ఎలా దించాలి, తాడు ఎక్కడ కట్టాలి. రెండు రోజులు నేర్పి, మూడో రోజు పరీక్ష పెట్టి కార్డు ఇవ్వాలి. కార్డు లేనివాడు పక్క సీట్లో కూర్చుని చూడాలి. ట్రిప్పుకు అనుమతి అడిగినప్పుడు కార్డుల జాబితా కూడా అడగడం అధికారులకు కష్టమా?

పెట్రోల్ ట్యాంకర్ నడపడానికి హెవీ లైసెన్సు ఒక్కటే చాలదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 9వ నిబంధన ప్రకారం మూడు రోజుల శిక్షణ పొంది, లైసెన్సు మీద రాయించుకోవాలి. ఉత్తరాఖండ్ కొండల్లో టాక్సీ నడపాలంటే లైసెన్సులో కొండదారుల నమోదు ఉండాలి. ప్రమాదకరమైన పనికి విడిగా అర్హత చూడటం మన దేశంలో కొత్త కాదు. అసలు మామూలు లైసెన్సు పరీక్షే ఎలా జరుగుతోందో అందరం చూస్తున్నాం. స్కూలు కారులో, ఇన్‌స్ట్రక్టర్ కాలు రెండో బ్రేక్ మీద ఉండగా నేర్చుకున్నవాళ్లు మర్నాడే రింగ్ రోడ్డెక్కుతున్నారు. మా ఇంట్లోనే ఒకరికి రివర్స్ సరిగా రాకుండానే లైసెన్సు వచ్చింది. ఏజెంటుకు ఎంత ఇచ్చామో రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. అలాంటి లైసెన్సుతో బురదలోకి దిగితే ఇంకేం జరుగుతుంది?

నిషేధం పెడితే ఈ పిల్లలు ఆగరు. ఈ చెరువు కాకపోతే ఇంకో చెరువు, పగలు కాకపోతే తెల్లవారుజామున. శిక్షణ ఇస్తే ఊరికి పనికొస్తారు. 2018లో కేరళ వరదల్లో ఆఫ్‌రోడ్ క్లబ్బుల జీపులు సహాయానికి వెళ్లాయి. 2024 సెప్టెంబరులో ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని సుభాన్ అనే జేసీబీ డ్రైవర్ తెగించి తెచ్చాడు. అదే సమయంలో బుడమేరు నీళ్లలో విజయవాడ జనం పాల ప్యాకెట్ల కోసం ఎదురుచూశారు. కార్డున్న డ్రైవర్ల పేర్లు, బండి నంబర్లు ప్రతి కలెక్టరేట్‌లో ఉంటే అలాంటి రోజు ఎవరిని పిలవాలో తెలుస్తుంది.

నాకు 63 ఏళ్లు. కళ్లు, కాళ్లు బాగానే ఉన్నాయి. ఏ క్లబ్బు అయినా, ఏ శాఖ అయినా ఒక ఖాళీ జాగా, ఒక మట్టి దిబ్బ, నీళ్లు నిలిచే ఒక గుంట చూపిస్తే ప్రతి ఆదివారం వచ్చి నేర్పుతాను. నాతో పనిచేసి రిటైరైన ఇద్దరు ఆపరేటర్లు కూడా వస్తామన్నారు. మాకు డీజిల్ డబ్బులు కూడా అక్కర్లేదు.

ఇట్లు,
రిటైర్డ్ డంపర్ ఆపరేటర్,
మల్కాజిగిరి