గని అధికారుల పీహెచ్‌డీకి అడ్డుపడొద్దు
బొగ్గుగనుల్లో ఏళ్ల తరబడి పనిచేసి, యాభై దాటాక పీహెచ్‌డీ చేస్తామంటున్న అధికారులకు యాజమాన్యం ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) ఇవ్వకుండా తిప్పించుకోవడం సరికాదు. యూజీసీ 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి వీలిచ్చాయి. కాకపోతే, కోర్సువర్క్‌కు (పీహెచ్‌డీ మొదట్లో చదవాల్సిన తరగతులకు) అవసరమైతే డ్యూటీ నుంచి రిలీవ్ చేస్తామని యాజమాన్యం రాసివ్వాలి, చిక్కంతా అక్కడే. నాకు తెలిసిన ఓ గని మేనేజర్ ఫైలు ఎనిమిది నెలలుగా కదల్లేదు. ఆయన నోట్‌బుక్ చూశాను. ఇరవై ఏళ్లుగా ఏ గ్యాలరీలో (గనిలోని సొరంగ మార్గంలో) పైకప్పు ఎప్పుడు, ఎంత దిగిందో తేదీలతో సహా రాసుకున్నారు. పేజీల అంచుల నిండా బొగ్గు వేలిముద్రలే. ఆయన రిటైరైతే అదంతా అటకెక్కుతుంది. పైకప్పు కూలితే పోయేవి కార్మికుల ప్రాణాలు కదా! ఇలాంటి దరఖాస్తులను నెలలోగా తేల్చి, కోర్సువర్క్ రోజులకు జీతంతో కూడిన సెలవివ్వాలి. గని రికార్డులనూ వారి పరిశోధనకు ఇవ్వాలి.
– ఓ రిటైర్డ్ ఓవర్‌మన్ (గని పర్యవేక్షకుడు)